చెరిగిపోని పత్రం, చెల్లెలి వాటా



దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు నమాజు గురించినది కాదు, రోజా గురించినదీ కాదు. అప్పు పత్రం గురించినది (అల్ బఖర: 282). గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలనీ, సాక్షుల్ని పెట్టుకోవాలనీ, చిన్న మొత్తమైనా సరే రాయడానికి విసుక్కోవద్దనీ అల్లాహ్ అందులో ఆదేశించాడు.

మన మార్కాపురం పలకలకు పేరు. పలక మీద రాత తడిగుడ్డతో పోతుంది. కంప్యూటర్‌లోని రాతను దిద్దితే గీత కూడా కనబడదు. దీనికి విరుగుడుగా బ్లాక్‌చెయిన్ అనే పద్ధతి ఉంది. 2009లో బిట్‌కాయిన్‌తో అది వాడుకలోకి వచ్చింది. భూమి రికార్డుల కోసం దీన్ని పరీక్షించడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా పూనుకుంది.

అదొక ఖాతా పుస్తకం అనుకోండి. దాని నకళ్ళు వేల కంప్యూటర్లలో ఉంటాయి. పత్రాన్ని లెక్కగట్టి ఒక సంఖ్య తీస్తారు. అది పత్రానికి వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ఆ ముద్రను పుస్తకంలో ఎక్కిస్తారు. ప్రతి పేజీలోనూ వెనక పేజీ ముద్ర ఉంటుంది. కొత్త పేజీ చేర్చాలంటే కంప్యూటర్లు బోలెడంత లెక్క చేసి చూపాలి. దీన్నే ప్రూఫ్ ఆఫ్ వర్క్, అంటే పడిన శ్రమకు రుజువు అంటారు. పాత పేజీని దిద్దదలచినవాడు అక్కడి నుంచి ఇప్పటిదాకా జరిగిన శ్రమంతా మళ్ళీ చేయాలి. (దీనికి కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. ఎథీరియం అనే మరో పెద్ద బ్లాక్‌చెయిన్ 2022లో ఈ పద్ధతినే వదిలేసింది.)

మంచిదే. కరార్‌నామా తారుమారు కాకుండా కాపాడే ఏ సాధనమైనా ఆ ఆయతు ఉద్దేశానికి తోడ్పడేదే. బిట్‌కాయిన్ వ్యాపారం ధర్మసమ్మతమా అన్నది వేరే మస్అలా, దీనితో కలపకండి.

అయితే ఆ పుస్తకం చెప్పేది ఒక్కటే: ఈ పత్రం ఫలానా సమయానికి ఉంది, అప్పటి నుంచి మారలేదు. రాసింది నిజమా, సంతకం మనస్ఫూర్తిగా చేసిందేనా అన్నది దానికి తెలియదు.

గిద్దలూరు వైపు ఒక తండ్రి నాలుగెకరాల మెట్ట వదిలి చనిపోయాడనుకోండి. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు తప్ప వేరే వారసులు లేరు, అప్పులూ లేవు. షరీఅత్ ప్రకారం కొడుక్కి రెండెకరాలు, కూతుళ్ళకు చెరొక ఎకరం. "నీ పెళ్ళికి ఖర్చు పెట్టాం కదమ్మా" అంటూ అన్న హక్కు విడుదల పత్రం మీద చెల్లెలి వేలిముద్ర వేయించుకుంటాడు. పుట్టింటి గడప దూరమవుతుందనే భయంతో ఆమె వేస్తుంది. ఆ పత్రాన్ని బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తే అన్యాయమే చెక్కుచెదరకుండా నిలుస్తుంది. వేల కంప్యూటర్లు కలిసినా ఆ ఎకరాన్ని అతనికి హలాల్ చేయలేవు. పెళ్ళి ఖర్చు వారసత్వ వాటాకు బదులు కాదు. ఆమె నిజంగానే వదులుకుంటానంటే, ముందు ఆమె వాటా ఆమె స్వాధీనం చేయండి. తర్వాత ఆమె ఇష్టం.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఇద్దరు వ్యక్తులు వారసత్వ తగాదాతో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి వచ్చారు. ఇద్దరి దగ్గరా మాట తప్ప రుజువు లేదు. తానూ మనిషినేననీ, విన్నదాన్ని బట్టే తీర్పు చెబుతాననీ, ఒకరు వాదనలో నేర్పరి కావచ్చుననీ, అలా సోదరుని హక్కు ఎవరికైనా ఇప్పిస్తే అది నిప్పుముక్కేననీ ఆయన చెప్పారు. ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నీకే అంటే, కాదు నీకే అనుకున్నారు. అప్పుడాయన, న్యాయం చూసి పంచుకుని చీట్లు వేసుకోమనీ, ఆపైన ఒకరినొకరు క్షమించుకోమనీ చెప్పారు (అబూ దావూద్).