ఆశ కూలి అవుతుందా?

విద్య నేర్పినవాడికి నేర్చుకున్నవాడి మీద ఎంత హక్కు వుంటుంది? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ద్రోణుడు విద్య నేర్పకుండానే గురుదక్షిణ పుచ్చుకున్నాడు. ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా మనకు ద్రోణుడి మీద కోపం వస్తుంది. కాని ద్రోణుడు నిజంగానే నేర్పి వుంటే బొటనవేలు అడగటం న్యాయమయ్యేదా అని మనం ఆలోచించము. ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న.

దానిని పరిశీలించటానికి నేను అమెరికాలోని బేస్‌బాల్ ఆటను తీసుకుంటున్నాను. ఆట ఎక్కడ, నీతి విచారం ఎక్కడ అని కొందరు పెదవి విరవవచ్చు. పెట్టుబడి మానవ సంబంధాలను ఎట్లా మారుస్తుందో చూడాలంటే మిల్లులకూ గనులకూ మాత్రమే పోవాలన్న నియమం లేదు. పైగా మిల్లు యజమాని దాచుకునే లెక్కలు చాలావరకు ఇక్కడ బహిరంగంగానే వుంటాయి.

అమెరికాలో పై స్థాయి జట్లు 30. ఒక్కొక్కదాని కింద నాలుగేసి చిన్న జట్లు, మెట్లు మెట్లుగా, వేరువేరు వూళ్ళలో ఆడుతూ వుంటాయి. అన్నిటికంటె కింద కొత్తగా చేరినవాళ్ళ శిబిరం వుంటుంది. పద్దెనిమిదేళ్ళవాణ్ణీ ఇరవయ్యేళ్ళవాణ్ణీ తెచ్చి కింద చేర్చి, ఏటేటా పరీక్షించి, పనికివచ్చినవాణ్ణి పై మెట్టుకు జరుపుతారు. పనికిరానివాణ్ణి ఇంటికి పంపుతారు. ఈ ఏర్పాటుకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఫార్మ్', అంటే పొలం. మన రైతు భాషలో నారుమడి అనవచ్చు. ముందుముందు రాణిస్తాడనుకున్న కుర్రవాణ్ణి 'ప్రాస్పెక్ట్' అంటారు. బంగారం కోసం కొండలు వెతికేవాళ్ళు వాడిన మాట కూడా అదే. పొలం, గని - పేర్లు పెట్టినవాళ్ళు అబద్ధమాడలేదు.

ఈ నారుమడిని ఒక పద్ధతిగా వేసినవాడు బ్రాంచ్ రికీ. 1920 ప్రాంతంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు వ్యవహారాలు ఆయన చేతిలో వుండేవి. జట్టుకు డబ్బు లేదు. చిన్న వూళ్ళ జట్లు తయారుచేసిన మంచి ఆటగాణ్ణి కొనబోతే ధనిక జట్లు ధర పెంచి తన్నుకుపోయేవి. కొనలేనివాడు పండించుకోవాలి గదా! రికీ ఆ చిన్న జట్లలోనే వాటాలు కొన్నాడు. వందలకొద్దీ కుర్రవాళ్ళను పోగుచేసి చిలికితే వెన్న దానంతట అదే తేలుతుందన్నది ఆయన సూత్రం. సూత్రం ఫలించింది. 1926లో కార్డినల్స్ ప్రపంచ విజేతలయ్యారు. 1940 నాటికి ముప్పైకి పైగా జట్లూ, ఆరువందలకు మించిన ఆటగాళ్ళూ ఆ ఒక్క సంస్థ చేతిలో వున్నారు. తనకు మిగులుగా వున్నవాళ్ళను రికీ ఇతర జట్లకు అమ్మేవాడు. ఆ సొమ్ములో ఆయనకూ వాటా ముట్టేది. ఆటకు కమిషనరుగా వున్న లాండిస్ అనే మాజీ న్యాయమూర్తికి ఈ పద్ధతి గిట్టలేదు. 1938లో ఆయన కార్డినల్స్ చేతికింద వున్న 70 మందికి పైగా కుర్రవాళ్ళను విడుదల చేశాడు. జైలు నుంచి కాదు, ఆటస్థలం నుంచే! అయినా 'విడుదల' తప్ప వేరే మాట దొరకటం లేదు.

యాజమాన్యం వాదం కూడా న్యాయంగా చెప్పుకోవాలి. "వందమందికి తిండి పెట్టి, బస చూపి, గురువులను పెట్టి ఆట నేర్పుతున్నాం. తొంభైమంది మీద పెట్టింది గంగలో కలిసిపోతుంది. మిగిలిన పదిమంది మీద నాలుగేళ్ళో అయిదేళ్ళో మాకు హక్కు లేకపోతే ఎవడు నేర్పుతాడు? ఎందుకు నేర్పుతాడు?" ఇది తేలిగ్గా కొట్టివేయదగిన వాదం కాదు. ఏ సమాజంలోనైనా, సోషలిస్టు సమాజంలోనైనా సరే, శిక్షణకు ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎక్కడినుంచో రావాలి. ప్రభుత్వ ఖర్చుతో చదివిన డాక్టరు కొన్నేళ్ళు పల్లెలో పనిచేయాలని మనమే అంటున్నాం. అయితే మనం అడిగేది సమాజానికి తీర్చవలసిన రుణం, దానికో గడువు వుంటుంది. యజమాని అడిగేది మనిషి మీద స్వామ్యం. రుణానికీ స్వామ్యానికీ తేడా ఎక్కడ వున్నదో ఈ ఆట చరిత్రే చూపిస్తుంది.

1879లో మొదలై, క్రమంగా ప్రతి ఒప్పందంలోనూ చేరిన 'రిజర్వ్' షరతు ఒకటి వుండేది. ఒప్పందం గడువు తీరిపోయినా ఆటగాడు ఆ జట్టు మనిషే. వాళ్ళు అమ్మితే తప్ప ఇంకో జట్టుకు ఆడరాదు. 1922లో అమెరికా సుప్రీంకోర్టు ఈ ఆటల ప్రదర్శన రాష్ట్రాల మధ్య వాణిజ్యం కిందికి రాదనీ, గుత్త వ్యాపార నిరోధక చట్టం దీనికి వర్తించదనీ తీర్పు ఇచ్చింది. న్యూయార్క్ యాంకీస్ నారుమడిలో జార్జ్ టూల్సన్ అనే బౌలరు వుండేవాడు. ఆయనను బింగ్‌హామ్‌టన్ అనే వూరి జట్టుకు పొమ్మన్నారు. ఆయన పోనన్నాడు. పోకపోతే మరి ఏ జట్టుకూ ఆడే వీలు లేదన్నారు. యాంకీస్‌కు అక్కరలేదు సరే, అక్కర వున్నవాళ్ళ దగ్గరికయినా పోనివ్వండని ఆయన కోర్టుకెక్కాడు. 1953లో సుప్రీంకోర్టు ఏడుగురు ఇటు, ఇద్దరు అటుగా ఆయన మొర తోసివేసింది. ఇక్కడ శిక్షణ ఖర్చు ప్రసక్తి ఏమైనా వున్నదా? రుణమయితే మొత్తం ఇంత అని చెప్పాలి. తీరిన రోజున పత్రం చించాలి. తీరే రోజంటూ లేని రుణాన్ని తెలంగాణా రైతు కూలీలు వెట్టి అన్నారు. వాళ్ళకు ఆ తేడా తెలుసుకోవటానికి సుప్రీంకోర్టు అవసరం కాలేదు.

రికీ విషయంలోనే ఇంకో సంగతి వున్నది. 1945లో, బ్రూక్లిన్ జట్టు అధిపతిగా, ఆయన జాకీ రాబిన్సన్‌ను తీసుకున్నాడు. 1946లో మాంట్రియల్‌లోని తన నారుమడి జట్టులో ఆడించి, 1947లో పై జట్టులోకి తెచ్చాడు. వర్ణ నిషేధం గోడ అక్కడ బద్దలయింది. రికీ చేసిన పనుల్లో ఇది గొప్పది. ఈ కీర్తి ఆయనకు దక్కవలసిందే. అయితే రాబిన్సన్ అప్పటికి కాన్సాస్ సిటీ మోనార్క్స్ అనే నల్లవాళ్ళ జట్టు ఆటగాడు. ఆ జట్టుకు రికీ ఒక్క డాలరు చెల్లించలేదు. వాళ్ళ ఒప్పందాలు ఒప్పందాలే కావన్నాడు. పాతికేళ్ళపాటు 'పెంచినవాడికే ఫలం' అన్న సూత్రం మీద సంస్థ కట్టిన మనిషి, తీరా ఇతరులు పెంచిన చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం మరిచిపోయాడు. సూత్రం నీతి నుంచి పుట్టలేదు, ఆస్తి నుంచి పుట్టింది. ఆస్తి వున్నవాడికే అది వర్తిస్తుంది.

మరి గురువుకు ఏమీ చెందదా? చెందుతుంది. కార్డినల్స్ నారుమడిలోనే దానికి సాక్ష్యం వున్నది. స్టాన్ మ్యూసియల్ 1938లో బౌలరుగా చేరాడు. 1940లో ఫ్లారిడాలోని డేటోనా బీచ్ జట్టులో వుండగా బంతి కోసం దూకి ఎడమ భుజం దెబ్బతీసుకున్నాడు. బంతి విసిరే చెయ్యి అదే. ఇక ఆట అయిపోయిందనుకున్నాడు. ఆ జట్టు మేనేజరు డికీ కెర్ ఆయనను నిరాశపడనివ్వలేదు. బ్యాటు పట్టుకొమ్మన్నాడు, భార్యతో సహా తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఈ కెర్ ఎవరో కూడా చెప్పాలి. 1919లో తోటి ఆటగాళ్ళు జూదగాళ్ళకు అమ్ముడుపోయి ఓడిపోతూ వుంటే తాను మాత్రం నిజాయితీగా ఆడి రెండు మ్యాచ్‌లు గెలిచినవాడు. తరువాత జీతం దగ్గర యజమానితో పేచీ పెట్టుకుని ఆటకే దూరమైనవాడు. మ్యూసియల్ దేశంలోకెల్లా గొప్ప బ్యాటర్లలో ఒకడయ్యాడు. కొడుకు పుడితే కెర్ పేరు పెట్టుకున్నాడు. 1958లో హ్యూస్టన్‌లో ఆ దంపతులకు ఇల్లు కొనిచ్చాడు. ఏ షరతూ ఆయనచేత ఈ పని చేయించలేదు. కెర్ నేర్పిన విద్య మీద ఆస్తి హక్కు కెర్‌ది కాదు, కార్డినల్స్‌ది. నేర్పినవాడు ఒకడు, సొంతదారు మరొకడు. యాజమాన్యం 'మేం నేర్పాం' అంటున్నప్పుడు ఆ 'మేం'లో కెర్ లేడన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇంతవరకూ రాణించినవాళ్ళ సంగతి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రాణించనివాళ్ళ సంగతి.

పై స్థాయిలో 30 జట్లు, జట్టుకు 26 మంది. మొత్తం ఉద్యోగాలు 780. కింద అమెరికాలో ఒక్కొక్క సంస్థ 165 మంది కుర్రవాళ్ళ దాకా వుంచుకోవచ్చు, అంటే 4,950. పైవాళ్ళు ఏటా అందరూ దిగిపోరు. ఈ లెక్క చెయ్యటానికి గణితశాస్త్రం చదవనక్కరలేదు. అయితే సంస్థ ఇంతమందిని ఎందుకు పోషిస్తున్నది? ఎందుకంటే ఆట ఒక్కడితో ఆడేది కాదు. సంస్థ ఆశలన్నీ ఒకే కుర్రవాడి మీద వున్నా, వాడు బంతి విసరటానికి అందుకునేవాడు ఒకడు కావాలి, మైదానంలో కాచేవాళ్ళు ఏడుగురు కావాలి, అవతలి జట్టు కావాలి. ఆ మిగిలినవాళ్ళు ఎన్నటికీ పైకి రారని సంస్థకు తెలుసు. వాళ్ళకు తెలియదు, తెలిసినా నమ్మరు. నారుమడిలో వాళ్ళు నారు కాదు, ఎరువు.

ఈ ఎరువుకు ఎంత ధర కట్టారు? 2022 దాకా అట్టడుగు శిబిరంలో ఏడాది జీతం సుమారు 4,800 డాలర్లు. డబుల్-ఎ అనే పై మెట్టులో సుమారు 13,800. సీజను ముందరి శిక్షణ రోజులకు జీతమే లేని ఏళ్ళు చాలా గడిచాయి. గోదాముల్లో మూటలు మోసి, హోటళ్ళలో గిన్నెలు కడిగి చలికాలం గడుపుకుని, వేసవికి మళ్ళీ మైదానానికి వచ్చేవాళ్ళు. 2018లో అమెరికా కాంగ్రెసు రెండువేల పేజీలు దాటిన బడ్జెటు బిల్లులో ఒక మూల ఒక అధ్యాయం దూర్చింది. చిన్న లీగుల ఆటగాళ్ళకు అదనపు గంటల వేతనం ఇవ్వనక్కరలేదనీ, వారానికి నలభై గంటలకు మించి ఎంత శ్రమించినా నలభై గంటల కనీస వేతనంతో సరిపెట్టవచ్చుననీ దాని సారాంశం. చట్టానికి పెట్టిన పేరులో 'దేశీయ క్రీడను కాపాడటం' అన్న మాట వున్నది!

తన కోసం పాడుకుని పాట అమ్ముకునే గాయనికీ, వ్యాపారి కచేరీలో జీతానికి పాడే గాయనికీ మార్క్స్ తేడా చెప్పాడు. పాట అదే, కాని రెండోచోట ఆమె పెట్టుబడిని పెంచే శ్రామికురాలు. కుర్రవాడి ఆట కూడా అంతే. పొలంగట్టున ఆడితే ఆట, నారుమడిలో ఆడితే శ్రమ. ఈ శ్రమలో ఒక విశేషం వున్నది. మిల్లు కార్మికుడికి కూలి తగ్గితే తగ్గిందని తెలుస్తుంది. ఇక్కడ తగ్గిన కూలిని ఆశ భర్తీ చేస్తుంది. ఆ ఆశకు యజమాని ఖర్చు పెట్టింది ఏమీ లేదు. అది కుర్రవాడు ఇంటినుంచి తెచ్చుకున్నదే. వాడు తెచ్చుకున్నదే వాడికి కూలిగా ముట్టజెబుతున్నారు.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు గదా, వాడే కోరి వచ్చాడు గదా" అంటారు. నిజమే. అబద్ధం చెప్పినవాడు కూడా ఎవడూ లేడు. ఆశ పెట్టుకోవటం తప్పనీ నేననను. ఆశ లేని యువకుడు మనకు మాత్రం ఎందుకు? కాని ఆశ చూపటం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు మోసం అని తేల్చుకోవటానికి నాకు ఒక గీటురాయి తోస్తున్నది. ఆ ఆశ ఫలించకపోతే చూపినవాడు కూడా నష్టపోతాడా? మ్యూసియల్ కూలిపోతే కెర్‌కు దుఃఖం. ఎరువుగా వచ్చినవాడు కూలిపోతే సంస్థకు నష్టం లేదు, వాడి చోటికి మరుసటి వారం ఇంకొకడు వస్తాడు. కొందరి ఒప్పందాల్లో కాలేజీ చదువుకు కొంత సొమ్ము కట్టే షరతు వుంటుంది, అది మంచిదే. అందరికీ వుంటే ఈ వ్యాసంలో కొంత భాగం రాయనక్కరలేకపోయేది.

ఉపాధ్యాయులయిన పాఠకులు ఇంకొక సంగతి ఆలోచించాలి. "నీకింకా రాలేదు" అనే అధికారం గురువుకు వుంటుంది. ఆ మాట అనటంవల్ల అన్నవాడికి లాభం వుంటే ఏమవుతుంది? పై స్థాయిలో 172 రోజులు వుంటే ఒక సంవత్సరం సర్వీసు. ఆరు సంవత్సరాలు నిండితే ఆటగాడు స్వతంత్రుడు. 2014లో క్రిస్ బ్రయంట్ అనే కుర్రవాడు చిన్న లీగుల్లో 43 హోమ్‌రన్‌లు కొట్టాడు. 2015 సన్నాహపు ఆటల్లో అందరికంటె ఎక్కువ కొట్టాడు. అయినా షికాగో కబ్స్ యాజమాన్యం ఫీల్డింగు మెరుగుపడాలంటూ అతన్ని కింద వుంచి, ఏప్రిల్ 17న పైకి పిలిచింది. సీజను ముగిసేసరికి అతని లెక్క 171 రోజులు. ఒక్క రోజు తక్కువ. ఆ ఒక్క రోజుతో జట్టుకు ఇంకో ఏడాది హక్కు. ఆ ఏడాది ఉత్తమ నూతన ఆటగాడి బహుమతి అతనిదే. అతను పెట్టుకున్న ఫిర్యాదును మధ్యవర్తి 2020లో తోసివేశాడు. ఫీల్డింగు నిజంగానే మెరుగుపడవలసి వున్నదేమో, ఎవరు చెప్పగలరు? లాభం మధ్యలోకి వచ్చాక గురువు చెప్పిన నిజం కూడా నమ్మటానికి వీలులేనిదవుతుంది. విద్యకు ఇంతకంటె హాని ఏమున్నది?

పై ఆటగాళ్ళు సంఘం పెట్టుకుని 1975లో రిజర్వ్ షరతును మధ్యవర్తి చేత పడగొట్టించారు. కిందివాళ్ళకు మాత్రం దాదాపు మరో అర్ధశతాబ్దం పట్టింది. పై మెట్టు ఎక్కుతానన్నవాడు కింది మెట్టు మీద సంఘం పెట్టడు. తన పక్కవాడు తనకు పోటీదారు. వర్గచైతన్యానికి ఆశ ఎంత గట్టి అడ్డుగోడో ఇంతకంటె స్పష్టమైన వుదాహరణ నాకు తెలియదు. ఆ గోడ 2022 సెప్టెంబరులో కూలింది. చిన్న లీగుల ఆటగాళ్ళు సంఘంలో చేరారు. 2023లో మొదటి ఒప్పందం కుదిరింది. 4,800 డాలర్ల జీతం 19,800 అయింది. 13,800 కాస్తా 30,250 అయింది. అంతకుముందే పాత వేతనాల దావాలో యాజమాన్యాలు 185 మిలియన్ డాలర్లకు రాజీపడ్డాయి. ఇంతకాలమూ ఇవ్వటానికి డబ్బు లేదన్నవాళ్ళే ఇవి ఇచ్చారు. అదే ఒప్పందంలో సంస్థకు వుండే కుర్రవాళ్ళ సంఖ్య 180 నుంచి 165కు తగ్గటానికి సంఘం ఒప్పుకోవలసివచ్చింది.

మన దేశం నుంచి కూడా ఇద్దరు అక్కడికి పోయారు. 2008లో ఒక అమెరికను ఏజెంటు ఇక్కడ బంతి విసిరే పోటీలు పెట్టి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే వుత్తరప్రదేశ్ కుర్రవాళ్ళను ఎంచాడు. ఈటె విసిరేవాళ్ళు, బేస్‌బాల్ ఆడి ఎరగరు. పిట్స్‌బర్గ్ సంస్థ వాళ్ళను తీసుకున్నది. ఇద్దరూ పై జట్టుకు చేరలేదు. 2014లో హాలీవుడ్డు వాళ్ళ కథ సినిమా తీసింది. ఆ సినిమాలో కథానాయకుడు ఏజెంటు.

అది వింత ముచ్చట. దొమినికన్ రిపబ్లిక్‌లో అది నిత్యకృత్యం. ఆ చిన్న దేశంలో 30 సంస్థలకూ శిక్షణాలయాలు వున్నాయి. అక్కడ పదహారేళ్ళకే సంతకం పెట్టించవచ్చు. అంతకు ముందే 'బుస్కోన్' అనే దళారి పిల్లవాణ్ణి పట్టుకుని, తిండి పెట్టి తయారుచేసి, వచ్చే సొమ్ములో వంతు తీసుకుంటాడు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలతోనే నోటిమాట ఒప్పందాలు జరుగుతున్నాయని పత్రికలు చాలాసార్లు రాశాయి. ఆ వయస్సులో బడి మానినవాడు ఇరవయ్యో ఏట ఇంటికి తిరిగివస్తే చేతిలో వున్నది గ్లవు ఒక్కటే. 2023 నాటి ఒప్పందం అమెరికాలో ఆడే కుర్రవాళ్ళ కోసం చేసుకున్నది. దొమినికన్ వేసవి లీగులో ఆడే పిల్లలను అందులో చేర్చలేదు.