పచ్చ తాగిన నూనె

బజారులో దొరికే సహజమైన పచ్చల్లో చాలామటుకు నూనె తాగినవే. ఇదేం రహస్యం కాదు. బెరిల్ అనే ఖనిజంలోకి కాస్త క్రోమియమో వెనేడియమో చేరితే ఆ రంగొస్తుంది. కానీ అవి మామూలుగా ఒకేచోట ఉండే సరుకులు కావు. వేరువేరు రాళ్ళు ఒరుసుకునే చోట, నానా ఒత్తిడి మధ్య పుడుతుంది పచ్చ. అందుకే పగుళ్ళు పుట్టుకతోనే వస్తాయి. పగుల్లో గాలుంటే వెలుగు చెదిరి రాయి మసకబారుతుంది. సెడార్ నూనె పట్టిస్తే, దాని వక్రీభవన గుణకం రాయికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, పగులు అక్కడే ఉంటుంది గానీ కంటికి ఆనదు.

మరిది మోసమా?

అందరూ చేసేదే, అందరికీ తెలిసిందే అంటారు వ్యాపారులు. ఆ రెండోమాట దగ్గరే నాకు పేచీ. జైపూర్లో సానపట్టేవాడికి తెలుసు, టోకున కొనేవాడికీ తెలుసు. బుధుడు బాగాలేడంటే అప్పుచేసి చిటికెనవేలికి ఉంగరం చేయించుకునే గుమాస్తాకి తెలీదు. తెలిసినవాళ్ళ మధ్య ఆనవాయితీగా చెల్లే మౌనం, తెలియనివాడి ముందు అబద్ధమైపోతుంది. నూనె చుక్క మాత్రం అదే.

పగుళ్ళని దాచడమే తప్పని కాదు నేననేది. పచ్చలోని మరకల్ని, గీతల్ని ఫ్రెంచివాళ్ళు 'జార్దిన్' అంటారు, అంటే తోట. (బగ్గుని ఫీచరనడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ళొక్కరికే చాతనవుననుకునేవాణ్ణి.) మన పాతవాళ్ళు ఇంత మొహమాటపడలేదు. బలాసురుడి పిత్తాన్ని వాసుకి ఎత్తుకుపోతుంటే గరుత్మంతుడు మీదపడ్డాడని, అప్పుడది జారిపడి మరకతమైందని కథ. గారుత్మతమన్న పేరు అందుకే. ఆ కథ చెప్పే గరుడపురాణమే రాయికుండే దోషాల్నీ, నకిలీల సంగతినీ కూడా చెప్తుంది. మహిమ ఒక చెంప, లోపం ఒక చెంప.

చాలామంది దీన్ని ధర విషయంగానే చూస్తారు. నూనె లేదని ల్యాబు రిపోర్టున్న రాయికి రేటు ఎక్కువే, నిజం. నాకు అంతకన్నా పెద్ద నష్టం వేరే కనిపిస్తుంది. కాఠిన్యం 7.5 నుంచి 8 వరకు ఉంటుంది కదా, గట్టి రాయే అనుకుంటాం. గీత పడకపోవడం వేరు, దెబ్బకి పగలకపోవడం వేరు. వజ్రపుటుంగరంతో పాటు దాన్నీ అల్ట్రాసోనిక్ మెషీన్లో వేస్తే, ఆవిరి పట్టిస్తే, నూనె బయటికొచ్చి ఉన్న పగుళ్ళు పెద్దవవుతాయి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. అసలేమీ చెయ్యకపోయినా ఏళ్ళ మీద నూనె ఎండుతుంది, మళ్ళీ పట్టించుకోవాలి. ఇవేవీ చెప్పకుండా అమ్మినవాడు కొన్నవాడి డబ్బుతోనే సరిపెట్టలేదు, తన వస్తువుని తాను కాపాడుకునే వీలు కూడా లాక్కున్నాడు.

బిల్లు మీద ఒక్క ముక్క రాస్తే చాలంటారా? 'నూనె పట్టించినది, వేడినీళ్ళు వద్దు.' మంచిదే. కానీ ముప్ఫయ్యేళ్ళకి ఉంగరం కూతురికి చేరుతుంది, బిల్లు చేరదు. ఆమె దాన్ని మెరుగుపెట్టమని ఎవరో కంసాలికిస్తుంది. అతను అమ్మినవాడు కాడు, ఆమె కొన్నదీ కాదు. ముంచే ముందు భూతద్దంలో ఒకసారి చూడ్డం, చూసింది ఆమెకి చెప్పడం, ఆ పూట అతని పని.