కుండ మూతి గుండ్రమేనా?

విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు ప్రతిమలు చేయడం నేర్పమని మార్కండేయ మహర్షిని అడుగుతాడు. ముందు చిత్రలేఖనం తెలియాలంటాడు ముని. దానికి నాట్యం, నాట్యానికి వాద్యం, వాద్యానికి గానం తెలిసుండాలట. దేవుడి రూపం దిద్దే చేతికి ఇంత సాధన కావాలి.

మామూలు కుండను గీయడానికీ సాధన కావాలి. సర్కారు బడిలో ఏడో తరగతి పిల్లల ముందు మట్టికుండ పెట్టి గీయమంటే చాలామంది మూతిని నిండు సున్నాలా చుట్టేస్తారు. అది గుండ్రంగా ఉంటుందని వాళ్లకు తెలుసు మరి! కూర్చున్న చోటు నుంచి కంటికి ఆనేది మాత్రం కోడిగుడ్డులా సాగిన గీత. మనసు అల్లే కల్పన కలవని చూపే ప్రత్యక్షం అన్నాడు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు, పేరుతో, జాతితో కలిపి చూడటమూ ప్రత్యక్షమేనన్నారు. శతాబ్దాల ఆ వాదం పన్నెండేళ్ల పిల్ల పెన్సిలు మొనమీదికి వచ్చి నిలుస్తుంది.

ఈ బొమ్మల పాఠాన్ని కాలక్షేపం అనడం అన్యాయం.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడికి కళావిద్య బోధకుణ్ణి ఇమ్మంది, అదీ పార్ట్‌టైమ్‌గా, పిల్లలు వందకు మించితేనే. వంద దాటని పల్లె బడి పిల్లలకు కళ్లు లేవా?

కుండ ముందున్న పిల్ల సున్నాను రబ్బరుతో చెరిపి, ఒక కన్ను మూసి, పెన్సిలు అడ్డంగా పట్టుకుని మళ్లీ చూస్తుంది. కాగితం మీద పాత గీత మసగ్గా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.