ఎవరి పాపము?



పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మన కర్నూలు, కడప పల్లెలలో నేటికిని వినబడుచున్నది. గర్భిణికి స్కానింగు చేసి, బిడ్డ గుండెలో లోపమున్నదని డాక్టరు చెప్పగానే, ఇది ఎవరి పాపమని ఇంటివారు అడుగుదురు. కోడలు గ్రహణమునాడు బయటికి వచ్చెనని కొందరు, ఆమె అడుగుపెట్టిన వేళ మంచిది కాదని కొందరు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చూడుడి. ప్రభువు ఆ నిందను బిడ్డమీదను వేయలేదు, కన్నవారిమీదను వేయలేదు. వానికి చూపునిచ్చు పనికి పూనుకొనెను.

వేయిమంది శిశువులలో సుమారు 8 మంది గుండె లోపముతో పుట్టుదురు. తల్లికి చక్కెర జబ్బుండుట, తొలి నెలలలో రుబెల్లా సోకుట, మేనరికము, ఇవి అపాయమును కొంత పెంచును. అయినను అనేకుల విషయములో కారణము తెలియదు.

1958లో గ్లాస్గో పట్టణమున ఇయన్ డొనాల్డ్ అను వైద్యుడును అతని తోడివారును, చెవికి వినబడని ధ్వనితో గర్భమును చూచు విధమును ప్రకటించిరి. నేడు 18–20 వారములకే బిడ్డ గుండెలోని నాలుగు గదులును కనబడును. ప్రతి లోపమును కనబడదు గాని, పెద్ద లోపములు అనేకము బయటపడును.

ముందుగా తెలిసికొనిన లాభమేమి? గర్భములో ప్రాణవాయువు తల్లి రక్తమునుండి బొడ్డుత్రాడు ద్వారా వచ్చును గనుక, లోపమున్న గుండెయు అక్కడ నడచును. పుట్టిన కొద్ది దినములలో, అంతవరకు తెరచియున్న రక్తనాళమొకటి మూసికొనును. దానిపైనే ఆధారపడిన బిడ్డ నీలివర్ణమై సొమ్మసిల్లును. దానిని తెరచియుంచు మందున్నది; ఆ మందున్న చోటనే ప్రసవము జరుగవలెను. అర్ధరాత్రి పల్లెలో ఆటో వెదకువారికిని, ముందే సిద్ధపడినవారికిని భేదమెంత! దివిటీలతోకూడ నూనె తెచ్చుకొనిన కన్యకలను తలంచుడి.

2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకము పేద బిడ్డల గుండె చికిత్సకును ఉపకరించుచున్నది. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు తిరుపతిలో చిన్నపిల్లల హృదయాలయమును తెరచిరి. త్రోవలో గాయపడినవాడు సమరయుని చేతిని త్రోసివేయలేదు, మనమును త్రోసివేయరాదు.

బాగుచేయజాలని లోపములును కలవు. అప్పుడు ఆ తల్లి ప్రక్కన మౌనముగా కూర్చుండుటయు పరిచర్యయే. సంఘస్థులారా, మీ ఊరిలో అట్టి తల్లి యున్నయెడల, ప్రశ్నలతో పోకుడి. ప్రయాణపు ఖర్చుతోను, తోడు వచ్చు మనిషితోను, ప్రార్థనతోను పొండి. ఆమేన్.