గోచరము గోవిందుని మాన్యము

గోవింద నామము వినబడని వైష్ణవ గృహముండదు. ఏడుకొండల మెట్లెక్కు యాత్రికునకు ఊతకర్ర ఆ నామమే. ఆ నామమునకు పెద్దలు పెక్కు అర్థములు చెప్పియున్నారు. 'గో' శబ్దమునకు ఆవు అనియు, భూమి అనియు, వాక్కు అనియు అర్థములు కలవు. ఆవును, భూమిని ఒక్క మాటలో ఇమిడ్చి, ఆ రెంటిని కాచువాడు గోవిందుడని ఆర్షవాఙ్మయము మనకు బోధించినది. అయితే ఆవునకును భూమికిని నడుమ నిలిచి ఆ రెంటిని ముడివేయునది ఒకటి కలదు. అది పచ్చిక. భూమి ఇచ్చినది ఆవు నోటికి అందవలెనన్న పచ్చికయే దారి. ఆ పచ్చికను గూర్చి ఈ మాసమున నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

శ్రీమద్భాగవత చతుర్థస్కంధమున పృథుచక్రవర్తి కథ అందరును వినినదే. భూమి ఓషధులను తనలో దాచుకొనగా ప్రజలు ఆకలితో అలమటించిరి. పృథువు విల్లెత్తెను. భూదేవి గోరూపమున పరుగెత్తి, తుదకు శరణు వేడి, తగిన దూడను, తగిన పాత్రను సమకూర్చినచో కోరినది పితుకుకొనవచ్చునని పలికెను. వానకాలము గడచిన పిమ్మటను నీరు తనపై నిలుచునట్లు తన్ను చదును చేయుమనియు కోరెను. పృథువు మనువును దూడగా, తన చేతులనే పాత్రగా చేసికొని ధాన్యములను పితికెను. పిమ్మట దేవతలు, ఋషులు మున్నగువారు తమ తమ పాత్రలతో పితికిరి. అందు పశువులకును వంతు వచ్చెను. అవి వృషభమును దూడగా, అరణ్యమును పాత్రగా చేసికొని గడ్డిని పితుకుకొనినవని వ్యాసులవారు చెప్పిరి.

ఈ ఘట్టమును పురాణకాలక్షేపములలో మనము త్వరగా దాటిపోవుదుము. కొంచెము నిలిచి చూడవలెను. మనుష్యుని పాత్ర వేరు, పశువు పాత్ర వేరు. మనకు చేతులు కలవు గనుక నాగలి పట్టి పండించుకొందుము. పశువునకు చేతులు లేవు. దానికి పాత్ర బయలు, అడవి, కొండవాలు. పాత్రను లాగికొనిన పిమ్మట 'నీ పాలు నీవు త్రాగుము' అనుట ధర్మమగునా?

ధర్మశాస్త్రకారులు ఈ పాత్రను కాపాడుటకే కొలతలు నిర్ణయించిరి. ఊరి చుట్టును నూరు ధనువుల నేలను పశువులకై విడువవలెననియు, పట్టణమైనచో దానికి మూడురెట్లు విడువవలెననియు మనుస్మృతి విధించినది. ధనువనగా నాలుగు మూరలు. నూరు ధనువులనగా నేటి లెక్కకు సుమారు 600 అడుగులు. ఆ మేతనేలలో ఎవడైన పైరు పెట్టి కంచె వేయకుండినచో, పశువు దానిని మేసినను కాపరికి దండనము లేదనియు చెప్పినది. కంచె ఎత్తు ఒంటె తొంగి చూడరానంత ఉండవలెనట! కౌటిల్యుని అర్థశాస్త్రమున దున్నరాని భూమిని పశువుల మేతకు విడువుమనియు, మేతభూములకు ప్రత్యేకాధ్యక్షుని నియమింపుమనియు కలదు. దీనినిబట్టి ఊరివెలుపలి బయలు ఎవరికిని చెందని వృథాభూమి కాదనియు, అది నోరులేనివారి మాన్యమనియు తెలియుచున్నది.

మన యలమంచిలి సీమను చూడుడు. పడమట తూర్పుకనుమలు, తూర్పున సముద్రము, నడుమ శారద, వరాహ నదులు తడిపిన నేల. కొండపాదమున అడవి, దాని దిగువ మెరక, మెరకకు దిగువ చెరువు, చెరువు క్రింద వరిమడులు, ఊరిచెంత మందబయలు, తీరమున ఇసుక దిబ్బలు. ఈ అమరిక దానంతటది ఏర్పడినది కాదు. నాగలియు, గొడ్డలియు, పశువుల గిట్టలును తరతరములుగా కలిసి చెక్కిన శిల్పమిది. కోతల పిమ్మట వరిమడులలో ఆవులు మేసెడివి. అదే మడిలో కొందరు పిల్లిపెసర, జనుము చల్లి మేతను, నేలకు సారమును ఒక్కమారుగా పొందెడివారు. ఎండకాలమున గొల్లలు రాత్రులందు పొలములలో గొఱ్ఱెలమంద కట్టగా రైతు ఎరువు కొనకయే సారము పొందెడివాడు. వానలు పడి మడులు నాటిన పిమ్మట పశువులు బయలికి, కొండవాలుకు మరలెడివి. పైరు పశువునకు, పశువు పైరునకు ఋణపడి ఉండెను.

గడ్డికి ఒక గుణము కలదు. చెట్టు చిగురు కొమ్మ కొసను ఉండును. గడ్డి ఎదుగుదల మాత్రము మొదట, నేలనంటి ఉండును. కావుననే ఆవు కొస కొరికినను అది మరల లేచును. వంగి ఉన్నదానికి నాశము లేదనుటకు ఇంతకన్న దృష్టాంతమేమి? మితముగా మేసిన బయలు దట్టమగును. వేళ్ళు మట్టిని పట్టి ఉంచును, వాననీరు పరుగెత్తక ఇంకును, చెరువు పూడదు. అసలు మేయకుండ విడిచినచో తుమ్మ, పొద పైకొనును. ఎండిన పొడవుగడ్డికి నిప్పంటును. దశమస్కంధమున ఆవులు గడ్డి ఆశతో ముంజవనము చొచ్చి దావాగ్నిలో చిక్కుకొనిన కథ స్మరింపుడు. మితిమీరి మేపినచో పశువు ముట్టని వయ్యారిభామ మిగులును. కావున మేతభూమికి కాపరి వలయును. కాపరి లేని బయలు అడవియు కాదు, పచ్చికయు కాదు.

ఇప్పుడు మన సీమ రూపము మారినది. చెరకు పది పండ్రెండు నెలలు నేలను విడువదు; కార్శి తోట ఉంచినచో మరియొక యేడు. కోతల పిమ్మటి మేతకు అక్కడ తావు లేదు. కొండపాదములు జీడిమామిడితోటలైనవి. ఇసుకనేలలు సరుగుడుతోటలైనవి, సరుగుడు ఆకు రాలిన నీడలో గడ్డి చాలవరకు మొలవదు. ట్రాక్టరు వచ్చి ఎద్దును ఇంటికి పంపినది. రహదారులు, కర్మాగారములు, ఇండ్లస్థలములు తమ వంతు తీసికొనినవి. ఇందు దేనిని నిందించుటకును నేను వ్రాయుట లేదు. అనకాపల్లి బెల్లము మన ప్రాంతపు కీర్తి. అక్కడ చెరకు పరిశోధన 1913లోనే మొదలైనది. కోయంబత్తూరులో శాస్త్రజ్ఞులు చెరకును రెల్లుగడ్డితో సంకరపరచి 1918లో కో 205 అను రకమును రైతుల చేతికిచ్చిరి. వరియు, చెరకును గడ్డిజాతివే. మన యన్నము, మన బెల్లము, ఆవు మేత ఒక్క తల్లి బిడ్డలు. ఆ తల్లి పాలలో మన వంతు పెరిగినది, మంచిదే. ఆవు వంతు ఏమైనదని మాత్రమే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకమున దొరకినది కాదు. సుమారు ఇరువది యేండ్ల క్రిందట యలమంచిలికి సమీపముననున్న ఒక గ్రామమున మందబయలులో శ్రీకృష్ణ భజనమందిరము కట్టదలచి పెద్దలు నన్ను ముహూర్తమడిగిరి. దేవుని పని గదా అని సంతోషముతో పెట్టితిని. శంకుస్థాపననాడు గోవర్ధనోద్ధరణమును గూర్చి గంటసేపు ప్రసంగించితిని. మందిరము లేచెను. దానికి ప్రహరీ వచ్చెను. ప్రహరీ ప్రక్కన అంగళ్ళు, అంగళ్ళ వెనుక ఇండ్లు వచ్చినవి. నాలుగేండ్లలో బయలు లేదు. ఒక కార్తికమాసమున ప్రవచనము ముగించి వచ్చుచుండగా ఒక వృద్ధ గొల్ల నాకు నమస్కరించి, "అయ్యవారూ, కిట్టమూర్తికి గుడి కట్టినారు, బాగున్నది. మరి ఆయన ఆవులు ఎక్కడ మేస్తాయి బాబూ?" అని అడిగెను. నిష్ఠూరముగా కాదు, నిజముగా తెలిసికొనగోరి అడిగెను. "అంతయు ఆ స్వామియే చూచుకొనును" అంటిని. అతడు తల ఊపి వెడలిపోయెను. మరుసటి యేడు అతడు తన ఆవులను అమ్మివేసెనని వింటిని.

వ్యాకరణము, తర్కము చదివిన నాకు ఆ మాటకు సమాధానము నేటికిని దొరకలేదు. గోవర్ధనకథను చెప్పిన నోటితోనే గోవుల నేలను మూయు ముహూర్తమును పెట్టితిని. ఆ పాపములో నాకు భాగము కలదు. తెలిసినవాడు తెలియనట్లు ఆడిన మాట తెలియనివాని తప్పుకన్న బరువైనది.

పిమ్మట హరివంశమును మరల తీసి చదివితిని. అందు శ్రీకృష్ణుడు అన్నగారితో, గోపకులు ఈ వనమున గడ్డిని వాడివేసిరి, చెట్లను నరికివేసిరి, ఇక ఇది నివాసయోగ్యము కాదని చెప్పును. అందువలననే వ్రజము బృందావనమునకు తరలినది. భాగవతమున ఉపనందుడు క్రొత్తచోటిని మెచ్చుకొనుచు అక్కడి గడ్డిని, తీగలను, కొండను పేర్కొనును. చూచితిరా! పరమాత్మ పాదము మోపిన చోటనైనను మేత తరుగుట కలదు. తరిగినదని ముందుగా గుర్తించినవాడు ఆ పరమాత్మయే. అయితే నాడు వ్రజవాసులకు తరలిపోవుటకు మరియొక బృందావనముండెను. నేడు మనకు అట్టిది లేదు. ఉన్న చోటనే బృందావనము చేసికొనవలెను.

దానికి మార్గమును స్వామియే చూపినాడు. ఇంద్రయాగమును మాన్పి నందునితో ఏమనెను? మనము పురములు, జనపదములు లేని వనవాసులము. కావున గోవులను, విప్రులను, గోవర్ధనగిరిని పూజింపుడు. కుక్కలకును, అందరిచే వెలివేయబడినవారికిని అన్నమిడుడు. ఆవులకు పచ్చిగడ్డి వేయుడు అనెను. కొండకు పూజ, ఆవునకు గడ్డి. ఈ రెండును కలిసిననే అది గోవర్ధనపూజ.

మన ప్రాంతమున సింహాద్రి అప్పన్నకు కోడెదూడను సమర్పించు మొక్కు కలదు. ఆ స్వామి భూమినెత్తిన వరాహమూర్తి, భక్తుని కాచిన నృసింహమూర్తి. దూడను ఇచ్చుట పుణ్యమే. అయితే ఇంటనుంచుకొనుటకు మేత లేక దానిని స్వామి గుమ్మమున విడిచి వచ్చినచో అది మొక్కు కాదు, మన బరువును స్వామిపై మోపుట. దూడతోకూడ దాని యేడాది మేతకు తగిన ద్రవ్యమునో, గడ్డి పెంచుటకు కొంత నేలనో ఇచ్చిననే మొక్కు నిండును.

గ్రామమున పెద్దలైనవారు ఒక పని చేయవచ్చును. పాతరికార్డులలో పశువుల మేతకని వ్రాసియున్న నేల ఎంత, నేడు మిగిలినది ఎంత అని గ్రామసభలో చదివింపవచ్చును. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపుమని సర్వోన్నత న్యాయస్థానము 2011 జనవరి 28న అన్ని రాష్ట్రములను ఆదేశించినది. 2026ను మేతభూముల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినది. మనువు చెప్పినదే లోకము మరల నేర్చుకొనుచున్నదన్నమాట. మిగిలిన బయలును భాగములు చేసి, ఒక భాగమున మేపునపుడు వేరొక భాగమునకు విశ్రాంతి నిచ్చినచో గడ్డి కోలుకొనును. రైతు తన గట్టుమీద గడ్డిని మందు చల్లి మాడ్చక విడిచినను చాలును. నేల లేని గృహస్థు కనుమనాడు ఆవు నొసట పసుపుకుంకుమలు పెట్టుటకు ముందు దానికి పిడికెడు పచ్చిగడ్డి తినిపించవలెను. ఆ గడ్డి ఎక్కడినుండి తెచ్చితినో పిల్లలకు చెప్పవలెను. చెప్పుటకు చోటు లేకుండినచో ఆ సిగ్గే మనకు గురువగును.

ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై అనుసంధించునపుడు, ఎనిమిదవ పాశురమున ఆండాళ్ తల్లి మేతకు విడువబడిన గేదెలను చూపి చెలికత్తెను మేల్కొలుపును. తెల్లవారినదనుటకు ఆమెకు అది గుర్తు. మంచు తడిసిన పచ్చికపై పశువులు పరచుకొనుటయే ఆమె ఊరి ఉదయము. మన ఊరిలో అట్టి ఉదయము మరల కలుగునట్లు, భూమిని ఉద్ధరించిన వరాహస్వామి, గిరిని ధరించిన గోవిందుడు మనకు బుద్ధిని ప్రసాదించుగాక. ఆ వృద్ధ గొల్లకు నేనీయజాలని సమాధానమును మీలో ఎవరైన ఒక్క యెకరము పచ్చికతో ఇచ్చుదురుగాక.