తల ఊపితే ఒప్పుకున్నట్టేనా?

అలియాబాద్ దగ్గరి రత్నాలయానికి వెళ్ళినా, తిరుమల కొండెక్కినా వేంకటేశ్వరుడి కుడిచెయ్యి ఒకటే చెబుతుంది: నా పాదాలే నీకు దిక్కు. ఎడమచెయ్యి తొడకు ఆనించి ఉంటుంది. నమ్మినవాడికి సంసారసాగరం ఆ మాత్రం లోతేనని పెద్దలు దానికి అర్థం చెప్పారు. తెలుగు భక్తుడికి ఇది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కానీ ఈ వ్యాఖ్యానం ఎన్నడూ చెవిన పడని మనిషిని అదే గర్భగుడి ముందు నిలబెడితే అతనికి కనిపించేది కిందికి వాల్చిన అరచెయ్యి మాత్రమే. అది వరమో, ఆజ్ఞో, కూర్చోమనడమో అతను తేల్చుకోలేడు. అర్థం ఆ చేతిలో లేదు, ఎప్పుడో విన్న మాటలో ఉంది. నోరు అబద్ధమాడినా ఒళ్ళు ఆడదని, మాటకన్నా సైగే నిజమని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నిలదీయడానికి ఈ చెయ్యి మంచి చోటు.

ఈ ప్రశ్నను మనకన్నా ముందే ఒక తెలుగువాడు తేల్చాడు. 17వ శతాబ్దంలో కాశీలో స్థిరపడ్డ అన్నంభట్టు తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా తానే రాసుకున్నాడు. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితుల్లో నానుడి పుట్టేంత పేరు ఆయనది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం (అంటే మాట), ఈ నాలుగే ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, అన్నాడు. చేష్టను, అంటే సైగను, మరో ప్రమాణంగా ఒప్పుకోలేదు. సైగ తనంత తానుగా దేన్నీ తెలియజేయదు, ఒక మాటను ఊహింపజేస్తుంది, ఆ మాట ద్వారానే పని నడుస్తుంది అన్నది ఆయన వాదం. దీపికలో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ, పర్యవసానం మాత్రం పెద్దది. ఎదుటివాడు సైగతో చెప్పాడు, మనం విన్నాం అనుకుంటాం. నిజానికి ఊహించుకున్నాం. మాట తేడా వస్తే అన్నవాడు ‘నా ఉద్దేశం అది కాదు’ అని దిద్దుకోగలడు. ఊహ తేడా వస్తే జవాబు చెప్పుకోవలసింది ఊహించినవాడే.

తల ఊపడమే చూడండి. పెద్దాయన మాట్లాడుతుంటే మనవాళ్ళు తల అటూ ఇటూ ఆడిస్తారు. వింటున్నానండీ అనా, సరేననా, మీతో వాదన ఎందుకులే అనా? కథ వినే పిల్లలు ఊఁ కొట్టినంత మాత్రాన కథ నచ్చినట్టు కాదు, నిద్ర రాలేదని మాత్రమే తెలుస్తుంది. నగర శివారులో ఇల్లు కడుతున్న చోట మేస్త్రీ తెలుగులో ఇసుకా సిమెంటూ పాళ్ళు చెబుతాడు. ఒడిశా నుంచి వచ్చిన కూలీ తల ఊపుతాడు. మేస్త్రీ అర్థమైందనుకొని పక్క పనికి పోతాడు. మాలు చెడితే సాయంత్రం తిట్లు తినేది కూలీయే. అన్నంభట్టు లెక్కన తప్పు మాత్రం ‘ఏం చెప్పానో ఒకసారి చెప్పు’ అని అడగని మేస్త్రీది.

దీనికి వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఒక లెక్క అడ్డం వేస్తారు: సంభాషణలో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55. ఈ అంకెలు మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాలవి. విడి మాటలను రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, చెప్పేవారికి ఎదుటివారి మీద ఇష్టమా అయిష్టమా అని అడిగారు. ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయాన్ని సమస్త సంభాషణకూ అంటగట్టొద్దని మెహ్రాబియనే చెప్పాడు. కందిపప్పు ధర దుకాణదారు ముఖం చూసి ఎవరూ తెలుసుకోలేరు కదా.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. దక్షిణామూర్తి మౌనంతోనే శిష్యుల సందేహాలు తీర్చాడంటారు. మరి మౌనం మాటను మించినదే కదా? కానీ ఆ శిష్యులు వృద్ధులైన ఋషులు, చదువంతా ముగించుకుని వచ్చినవాళ్ళు. వేదాంతంలోనూ ముందు శ్రవణం, తర్వాతే మనన నిదిధ్యాసనాలు. మెహెర్ బాబా సంగతి మరీ స్పష్టం. 1925 జులై 10న మొదలుపెట్టిన మౌనం 1969 జనవరి 31న కన్నుమూసే దాకా విడవలేదు. 1954లో ఆంధ్రకు వచ్చినప్పుడు అక్షరాల పలక మీద ఆయన వేలు చూపిన చోటల్లా శిష్యులు చదివితేనే జనానికి సందేశం అందింది. అదే ఏడాది అక్టోబరులో పలకనూ వదిలేశాక సైగలు మిగిలాయి. వాటిని మాటలుగా చెప్పే మనిషి పక్కన ఉండాల్సి వచ్చింది. మౌనం గొప్పదే, కాదనను. అది మాటకు బదులు మాత్రం కాదు.

బధిరుల సంజ్ఞాభాషను దీనితో కలపకూడదు. దానికి తన వ్యాకరణం ఉంది, కనుక అది శబ్దం పక్షాన నిలుస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 119వ సెక్షన్ కూడా నోరులేని సాక్షి సైగతో చెప్పినదాన్ని మౌఖిక సాక్ష్యంగానే లెక్కగట్టింది. చిక్కంతా తెలియకుండా బయటపడే సూచనలతోనే. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే; నిప్పు ఉంటే పొగ ఉన్నట్టు కాదు, కట్టె తడిదైతేనే వస్తుంది. ఆ తడిని తార్కికులు ఉపాధి అన్నారు. దించిన కళ్ళను చూసి తప్పును ఊహించడం నిప్పును చూసి పొగను ఊహించడమే. మన ఇళ్ళలో పెద్దల ముందు కళ్ళు దించుకోవడం మర్యాద కూడాను.

అలియాబాద్‌కు దగ్గర్లోనే, శామీర్‌పేటలో, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే పిల్లలకు ఈ చిక్కు పాఠ్యాంశమే. సాక్ష్య చట్టానికి 2013లో వచ్చిన సవరణ తర్వాత, మాట్లాడలేని సాక్షి సైగలతో చెబితే కోర్టు దుబాసీనో ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణో పిలిపించాలి, వీడియో తీయించాలి. నోరున్న సాక్షి వాలకం గురించి మాత్రం జడ్జి తనకు ముఖ్యమనిపించింది ఏదైనా ఉంటే రాస్తే చాలు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఈ రెండు నిబంధనలూ అలాగే ఉన్నాయి. బోనులో తల దించుకున్న పల్లెటూరి కోడలికి దుబాసీ లేడు, వీడియో లేదు. ‘ఎందుకమ్మా తల దించుకున్నావు’ అని ముందు ఆమెను అడిగి, ఆ తర్వాతే రాయమని వాలకం గురించిన ఆ నిబంధన జడ్జికి చెప్పదు.