లెక్కకు రాని ల్యాప్

2016 జూన్ 19, ఆదివారం. మనకు సాయంత్రం ఆరున్నర కావస్తోంది. ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో మధ్యాహ్నం మూడవుతోంది. 24 గంటల పందెం ఇంకో నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుందనగా, ముందు నడుస్తున్న టయోటా 5వ నంబరు కారులోంచి కజుకి నకజిమా రేడియోలో చెప్పాడు, ఇంజిన్ లాగడం లేదని. కారు అలా అలా నెమ్మదించి, ముగింపు గీత దాటీ దాటగానే, తన జట్టువాళ్ళ కళ్ళెదుటే నిలబడిపోయింది. నిమిషానికి పైగా వెనకబడి ఉన్న పోర్షె పక్కనుంచి దూసుకుపోయింది. అదే సీట్లో అంతవరకూ వంతులవారీగా కూర్చున్న ఆంథొనీ డేవిడ్సన్, సెబాస్టియన్ బుయేమీ చేయగలిగింది ఏమీ లేదు.

ఆ తర్వాత జరిగింది నన్ను ఎక్కువగా వెంటాడుతుంది. నకజిమా కారు మళ్ళీ కదిలింది. ఒక చుట్టు 13.6 కిలోమీటర్లు. మూడున్నర నిమిషాలలోపు తిరిగే ఆ చుట్టుకి ఈసారి దాదాపు 12 నిమిషాలు పట్టింది. గంటకు 70 కిలోమీటర్లు కూడా లేదు, మన ఎక్స్‌ప్రెస్ బస్సు వేగం. చివరి ల్యాప్ 6 నిమిషాల్లో పూర్తి చేయాలని అప్పటి నిబంధన. గెలిచిన పోర్షె తిరిగింది 384 చుట్లు, ఈ కారు తిరిగిందీ 384 చుట్లే. అయినా ఫలితాల పట్టికలో దానికి ఏ స్థానమూ దక్కలేదు. ఆఖరి స్థానం కూడా.

ఇది అన్యాయమా? నిబంధనను తప్పు పట్టలేం. పందెం అన్నాక ఎక్కడో ఒక గీత ఉండాలి. 23 గంటల 55 నిమిషాలు బాగా నడిపినవాడికి బహుమతి ఇస్తే, 23 గంటలు నడిపి ఆగినవాడు ఏం పాపం చేశాడు? కానీ గీత కొలిచేది గీత దగ్గరి సంగతినే. దాని వెనక నడిచిన రాత్రిని ఎవరు కొలవాలి?

ఇలాంటి చోట మనకు కర్ణుడు గుర్తొస్తాడు. అతని రథచక్రం కుంగడానికి వెనక శాపం ఉంది. కథ ఒక కారణం చెబుతుంది, ఆ కారణం మన మనసుకు ఊతకర్ర అవుతుంది. లె మాన్‌లో శాపం లేదు. టర్బోచార్జర్‌కూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య గాలి వెళ్ళే గొట్టం దగ్గర లోపమని టయోటా తర్వాత తేల్చింది. ఒక గొట్టం, అంతే. విధి అనే మాట కన్నా ఈ గొట్టం అనే మాట మీదే నాకు గౌరవం ఎక్కువ. విధిని ఎవరూ బాగు చేయలేరు, గొట్టాన్ని చేయగలరు. చిక్కేమిటంటే, గొట్టం ఎవరినీ ఓదార్చదు. ఆ పని మనిషే చేయాలి.

అదే పందెంలో ఫ్రెడెరిక్ సొసె అనే ఫ్రెంచ్ వ్యాపారి కూడా ఉన్నాడు. 2012లో వేలికి అయిన చిన్న గాయం ఇన్ఫెక్షన్‌గా ముదిరి, రెండు చేతులూ రెండు కాళ్ళూ తీసేయాల్సి వచ్చింది. నాలుగేళ్ళకు, తొడలతో యాక్సిలరేటర్, బ్రేకు నొక్కేలా మార్చిన మోర్గన్ కారులో, చేతికి అమర్చిన కృత్రిమ భాగంతో స్టీరింగ్ తిప్పుతూ, మరో ఇద్దరు డ్రైవర్లతో వంతులు పంచుకుని 38వ స్థానంలో పందెం ముగించాడు. ఆ కారు ప్రయోగాల కోసం కేటాయించిన గ్యారేజీది, బహుమతుల పోటీలో లేదు. పేరు మాత్రం పట్టికలో ఉంది. ఒకే పందెం, ఒకే గీత. ఈ రెండు కార్లలో ఏది చేరింది, ఏది చేరలేదు?

ఒక్క రోజు మోసం చేసినా ఏడాది మొత్తం న్యాయం చేస్తుందనుకుంటాం. ప్రపంచ ఓర్పు పందేల (ఎండ్యూరెన్స్) ఆ సీజన్‌లో లె మాన్‌తో కలిపి తొమ్మిది పందేలు. ప్రపంచ టైటిల్ గెలిచినవాళ్ళు లె మాన్‌లో గెలిచిన పోర్షె ముగ్గురే: రొమాన్ డ్యుమా, నీల్ యాని, మార్క్ లీబ్. సిల్వర్‌స్టోన్‌లో ముందొచ్చిన ఆడి కారు అడుగు పలక అరుగుదల పరిమితి దాటిందని అనర్హత పాలవడంతో వాళ్ళకు మొదటి విజయం దక్కింది. రెండోది లె మాన్, అక్కడ పాయింట్లు రెట్టింపు. ఆ తర్వాత ఆరు పందేల్లో ఒక్కసారి కూడా పోడియం ఎక్కలేదు. అయితే టైటిల్ అప్పనంగా వచ్చిందా? ముందువాడు పడిన రెండుసార్లూ సరిగ్గా వాడి వెనక, నడుస్తున్న కారుతో వాళ్ళే ఉన్నారు. అదృష్టం వచ్చే వేళకు ఇంట్లో ఉండటమూ ఒక పనే.

ఓర్పు అంటే ఇదేనా మరి, ఆగకుండా ఉండటం? 1955లో ఇదే లె మాన్‌లో ఒక మెర్సిడెస్ ప్రేక్షకుల మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. పందెం ఆగలేదు. జనం ఒక్కసారిగా బయల్దేరితే అంబులెన్సులకు దారి ఉండదని నిర్వాహకులు అన్నారు. ఆ వాదనలో నిజం ఉండొచ్చు. కానీ మర్నాడు సాయంత్రం దాకా ఎందుకు నడిపారన్న ప్రశ్నకు అది జవాబు కాదు. మెర్సిడెస్ ఆ రాత్రే, ముందంజలో ఉన్న తన కారును వెనక్కి పిలిచింది. దేనికోసం ఓర్చుకుంటున్నామో అడగని ఓర్పుకు మొండితనమని ఇంకో పేరుంది.

2018లో నకజిమా అదే గీతను మొదటివాడిగా దాటాడు. టయోటాకు లె మాన్‌లో అది తొలి విజయం. అప్పటికి పోర్షె ఆ అగ్రశ్రేణి పోటీలోంచి తప్పుకుంది, ఆడి అంతకు ముందే వెళ్ళిపోయింది. ఢీకొనే పెద్ద కంపెనీ ఏదీ మిగల్లేదు. అయినా అది 24 గంటలే, కారు ఎక్కడైనా ఆగిపోవచ్చు. బుయేమీ కూడా ఆ కారులో ఉన్నాడు. మూడో సీటు ఫెర్నాండో అలోన్సోది. డేవిడ్సన్ లేడు. లె మాన్ విజేతల జాబితాలో అతని పేరు నేటికీ లేదు. బాకీ తీరిందని ఎవరైనా అంటే, ఎవరికి తీరింది అని అడగాలనిపిస్తుంది.